రెండేళ్లకే మూసేసిన కార్డు: ఒడిశా సరిహద్దు బళ్లలో పిల్లల టీకాలు, వాటి కాగితాలు సరిచూసే పద్ధతి

బిడ్డ పుట్టిన నాటి నుంచి రెండో ఏడు నిండేదాకా టీకాల కార్డును ఇంట్లో అందరూ పట్టించుకుంటారు. ఆశా దీదీ ఇంటికొచ్చి గుర్తుచేస్తుంది, అంగన్‌వాడీలో అడుగుతారు, అమ్మమ్మ తారీఖులు లెక్కపెడుతుంది. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య వేసే బూస్టరు అయ్యాక కార్డు ట్రంకు పెట్టెలోకి వెళ్తుంది. మళ్లీ బయటికి తీసే పని ఉందని చాలా ఇళ్లలో తెలియదు.

కానీ ప్రభుత్వ టీకాల పట్టికలో ఇంకా మూడు సూదులు మిగిలే ఉంటాయి. 5 నుంచి 6 ఏళ్ల మధ్య డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) రెండో బూస్టరు, 10 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా), 16 ఏళ్లకు మళ్లీ టీడీ. మూడూ బడి వయసులోనివే. కంఠసర్పి, ధనుర్వాతం టీకాలు ఇచ్చే రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది కాబట్టే వాటిని మళ్లీ మళ్లీ వేస్తారు. పసితనంలో అన్నీ వేయించిన పిల్లవాడికి కూడా బడి వయసులో ఈ మూడూ పడకపోతే రక్షణ పలచబడుతుంది. అంగన్‌వాడీ వదిలి బడిలో అడుగుపెట్టే సంధిలో మొదటిది, అయిదో తరగతి దగ్గర రెండోది, పదో తరగతి దాటే వేళ మూడోది జారిపోతాయి. వాటిని పట్టుకోగలిగింది బడి ఒక్కటే.

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం, మల్కన్‌గిరి వైపు తెలుగు ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. మొదటి కాన్పు పుట్టింట్లో. అంటే పాతపట్నంలోనో, టెక్కలిలోనో, ఇచ్ఛాపురంలోనో, పార్వతీపురంలోనో. పుట్టినప్పటి టీకాలు, ఆరు వారాలవి, పది వారాలవి ఆంధ్రలో పడతాయి. మూడో నెలో అయిదో నెలో తల్లి అత్తవారింటికి వచ్చాక మిగతావి ఒడిశాలో పడతాయి. సగం లెక్క అక్కడి రిజిస్టరులో, సగం ఇక్కడి రిజిస్టరులో. ఏ ఒక్క నర్సమ్మ పుస్తకం చూసినా పిల్లవాడికి టీకాలు పూర్తి కానట్టే కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడి బళ్లలో ఈ పని రెండు వైపులా అడిగి తెలుసుకుంటేనే తేలుతుంది.

ఈ పద్ధతి బడి టీచర్లకు, బడి యాజమాన్య కమిటీలో ఉన్న తల్లిదండ్రులకు, హాస్టలు బాధ్యులకు. సూది వేసేది, ఏది వేయాలో నిర్ణయించేది ఆరోగ్య శాఖవాళ్లే. ఖాళీ ఎక్కడుందో కనిపెట్టి, కాగితంతో సహా వాళ్ల ముందు పెట్టడం మన పని.

ముందు ఎవరివి చూడాలి

బడి మొత్తం ఒకేసారి పెట్టుకుంటే పని మధ్యలో ఆగిపోతుంది. ఒకటో తరగతి, అయిదో తరగతి, పదో తరగతి మొదట పట్టుకోండి. ఆ తర్వాత ఆ ఏడాది వేరే బడి నుంచి వచ్చిన పిల్లలందరూ, ఏ తరగతైనా సరే. ఒకటో తరగతిలో మళ్లీ ఆరున్నర ఏళ్లు దాటిన పిల్లల పేర్లు పైన రాసుకోండి. డీపీటీ ఏడేళ్లు నిండేలోపే వేస్తారు. అందులో ఉండే కోరింత దగ్గు భాగం వల్ల పెద్ద పిల్లల్లో వాపు, జ్వరం ఎక్కువవుతాయి కాబట్టి ఆ వయసు దాటాక డీపీటీకి బదులు టీడీ వేస్తారు. కనుక ఏడో పుట్టినరోజే ఈ పని మొత్తంలో దాటకూడని గీత.

చేరికలప్పుడే కార్డు అడగండి. కానీ కార్డు లేదని ఏ పిల్లవాణ్నీ వెనక్కి పంపొద్దు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేకపోయినా చేర్చుకోవలసిందే. టీకా కార్డు లేదని గుమ్మంలో ఆపితే ఆ పిల్లవాడికి చదువూ పోతుంది, సూదీ పోతుంది.

కార్డు ఇంటి నుంచి బడికి రప్పించడం

"టీకాల కార్డు ఉందా?" అని అడిగితే "లేదండి" అన్న జవాబే వస్తుంది. వాళ్లకు అది టీకాల కార్డని గుర్తుండదు. ఇలా అడగండి: "బాబు కడుపులో ఉన్నప్పుడు నర్సమ్మ ఇచ్చిన, తల్లీబిడ్డ బొమ్మ ఉన్న కార్డు. రేషను కార్డు, ఆధార్ కాగితాలు పెట్టే సంచిలో చూడండి. లేకపోతే అమ్మగారింట్లో ఉందేమో ఫోను చేసి కనుక్కోండి." సగం కార్డులు ఆ చివరి మాటతోనే దొరుకుతాయి.

చీటీ పంపితే తెలుగులో ఒక వైపు, ఒడియాలో రెండో వైపు రాయండి. ఇంట్లో తల్లి తెలుగు చదవొచ్చు, తండ్రి ఒడియా బడిలో చదివి ఉండొచ్చు. చీటీలో ఇవి ఉండాలి: ఏ రోజు తేవాలి, ఏమేం తేవాలి (ఎంసీపీ కార్డు, అంటే ఆ తల్లీబిడ్డ బొమ్మ కార్డు, ప్రైవేటు డాక్టరు ఇచ్చిన టీకాల పుస్తకం, విడి చీటీలు, జనన ధృవీకరణ పత్రం), చూసి అదే రోజు తిరిగి ఇచ్చేస్తామని మాట. ఈ మాట ముఖ్యం. అసలు కార్డు బడి బీరువాలో పెట్టుకోవడం పెద్ద తప్పు. పోతే రెండో ప్రతి తేవడం ఎంత కష్టమో కింద చదివితే తెలుస్తుంది. ఫోనుతో ఫొటో తీసుకోండి. టీకాల పేజీ ఒక్కటే తీస్తే చాలదు. తల్లి పేరు, ఊరు, ఆర్‌సీహెచ్ నంబరు (తల్లీబిడ్డల లెక్కకు ఆరోగ్య శాఖ ఇచ్చే నంబరు) ఉన్న మొదటి పేజీ కూడా తీయాలి. ఆ నంబరు లేని ఫొటో రేపు ఎవరికీ పనికిరాదు.

కార్డు చదవడం

ఒక్కో కార్డుకు అయిదు నిమిషాలు పెట్టండి. మొదట ఇది ఈ పిల్లవాడి కార్డేనా అన్నది చూడాలి. అన్న కార్డు తమ్ముడికి, అక్క కార్డు చెల్లికి తెచ్చేయడం మామూలే. తల్లి పేరు ఇద్దరికీ ఒకటే కాబట్టి పుట్టిన తేదీతోనే తేల్చాలి. బడి రిజిస్టరులో వేసిన పుట్టిన తేదీ, కార్డు మీది తేదీ వేరుగా ఉంటే జనన పత్రం చూసి అందులో ఉన్నదే లెక్కకు తీసుకోండి.

పేరు తేడాకు కంగారు పడొద్దు. ఒడియాలో రాసేటప్పుడు మన 'వ' చాలాసార్లు 'బ' అవుతుంది. వెంకటేశు బెంకటేశు అవుతాడు, వాసు బాసు అవుతాడు. మనం ఇంటిపేరు ముందు పెడతాం, అక్కడి ఫారాల్లో చివర పెడతారు. అక్షరాలు కాదు, పుట్టిన తేదీ, తల్లి పేరు, ఊరు మూడూ కలిస్తే ఒకే పిల్లవాడని నమ్మండి. తేడా ఉన్న రెండు పేర్లూ మీరు బడి కోసం తయారుచేసే పట్టీలో (అదెలాగో కింద ఉంది) పక్కపక్కనే రాసుకోండి. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు రెండూ కావాలి. తేదీలు ఒడియా అంకెల్లో ఉంటే ఊహించి చదవకండి. ఒడియా టీచరు చేత చదివించి మీ పట్టీలో మామూలు అంకెల్లో ఎక్కించండి.

ఆ తర్వాత అసలు సంగతి. టిక్కు మార్కు రుజువు కాదు, తేదీ రుజువు. గడిలో రోజు, నెల, ఏడు మూడూ ఉంటేనే ఆ టీకా పడినట్టు లెక్క. టిక్కు ఒక్కటే ఉంటే పట్టీలో "తేదీ లేదు" అని రాసి, ఖాళీ గడిలాగే చూడండి.

ఒక కార్డు దగ్గరగా చూద్దాం. పాప పుట్టింది 12-3-2019న, పాతపట్నం వైపు. బీసీజీ, సున్నా డోసు పోలియో చుక్కలు, హెపటైటిస్ బి మార్చి 12, 13 తేదీల్లో పడ్డాయి. పెంటా (డీపీటీ, హెపటైటిస్ బి కూడా కలిసిన అయిదు జబ్బుల టీకా) ఒకటి 24-4-2019. పుట్టిన 42 రోజులకు, అంటే ఆరు వారాలకు ఏప్రిల్ 23; ఒక రోజు తర్వాత పడింది కాబట్టి సరే. పెంటా రెండు 29-5-2019, మూడు 3-7-2019. ఒక్కోదానికీ మధ్య 35 రోజులు. కనీసం నాలుగు వారాలు ఉండాలి కాబట్టి రెండూ సరే. ఎంఆర్ (మీజిల్స్ అనే తట్టు, రుబెల్లా టీకా) ఒకటి 18-12-2019. తొమ్మిది నెలలు నిండింది డిసెంబరు 12న, కాబట్టి ఇదీ సరే. ఇక్కడిదాకా ఒక్కో గడిలో ఒక్కో రకం సిరా, ఒక్కో సంతకం. కింద డీపీటీ మొదటి బూస్టరు, ఎంఆర్ రెండు గడుల్లో మాత్రం ఒకే పెన్నుతో రెండు టిక్కులున్నాయి. తేదీ లేదు, సంతకం లేదు. ఆ రెండూ పడాల్సింది 2020 జూలై తర్వాత, కరోనా రోజుల్లో. ఆ టిక్కులు ఎవరో తర్వాత పెట్టి ఉండొచ్చు. ఈ పాపకు ఆ రెండు టీకాలూ పడలేదనుకునే ముందుకు వెళ్లాలి. డీపీటీ వేయడానికి ఆఖరి రోజు 11-3-2026, ఆ తేదీ దాటితే టీడీయే. ఎంఆర్ మామూలు పట్టికలో 5 ఏళ్ల దాకానే ఉంటుంది కాబట్టి ఆ సంగతి పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసరు ముందు పెట్టాలి. 2018 మధ్య నుంచి 2020 చివరి దాకా పుట్టిన పిల్లల కార్డుల్లో ఏడాదిన్నర దగ్గరి గడులు మరింత శ్రద్ధగా చూడండి. ఆ డోసులు పడాల్సిన నెలలు కరోనాలో కలిసిపోయాయి.

మీరు లెక్క చూడాల్సిన హద్దులు ఇవి. పెంటా లేదా డీపీటీ మొదటి మూడు డోసుల మధ్య కనీసం 4 వారాలు. మీజిల్స్ గానీ ఎంఆర్ గానీ 9 నెలలు నిండాకే. ఎక్కడైనా ముందే వేసి ఉంటే అది లెక్కలోకి రాదు. ఎంఆర్ రెండు, డీపీటీ మొదటి బూస్టరు 16 నుంచి 24 నెలల మధ్య. డీపీటీ రెండో బూస్టరు 5 నుంచి 6 ఏళ్ల మధ్య, మరీ ఆలస్యమైతే 7 లోపు. టీడీ 10కి, 16కి. మధ్యలో ఎడం ఎక్కువైనంత మాత్రాన మొదటి డోసు నుంచి మళ్లీ మొదలుపెట్టరు. ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. ఈ మాట తల్లికి మొదటే చెప్పండి. "ఇప్పుడెళ్తే అన్నీ మళ్లీ పొడుస్తారు" అన్న భయంతో ఆగిపోయిన ఇళ్లున్నాయి.

పల్స్ పోలియో రోజు బూత్‌లో వేసిన చుక్కలు మామూలు డోసుల కిందకి రావు. ఎంఆర్ ప్రచారంలో బడిలో వేసిన సూది కూడా అంతే, అది అదనం. దాన్ని చూపించి ఎంఆర్ రెండో గడి నింపకూడదు.

ఏ ఖాళీ తప్పు, ఏది కాదు

కార్డులో ఖాళీ కనిపించిందని ప్రతిదానికీ తల్లిని నిలదీయొద్దు. పట్టిక కాలంతో పాటు మారింది. న్యుమోకాకల్ టీకా పీసీవీ దేశమంతటా వచ్చింది 2021లో. అంతకుముందు పుట్టిన ఇక్కడి పిల్లల కార్డులో అది లేకపోవడం సహజం. రోటా చుక్కలు ఒడిశాలో, ఆంధ్రలో మొదలైంది 2016లో. పోలియో సూది మూడో డోసు 2023 జనవరి నుంచి. పదో తరగతి పిల్లల కార్డుల్లో పెంటా బదులు డీపీటీ మూడు, హెపటైటిస్ బి మూడు వేర్వేరుగా ఉండొచ్చు, ఆ కాలానికి అదీ సరే. 2017 నుంచి ఒక్కో రాష్ట్రంలో ఎంఆర్ వచ్చేదాకా ఉన్నది ఒట్టి మీజిల్స్ టీకా. పెద్ద పిల్లల కార్డుల్లో "మీజిల్స్ 1, 2" అని కనిపిస్తే అర్థం అదే. 10 ఏళ్ల గడిలో టీడీ బదులు టీటీ (ధనుర్వాతం ఒక్కదాని టీకా) అని పాత తేదీ ఉంటే ఆ డోసు అయినట్టే. టీడీ వచ్చింది తర్వాతే.

బీసీజీ, రోటా, పీసీవీ ఏడాదిలోపు వేసేవి. బడి పిల్లల్లో వాటి ఖాళీలు ఇప్పుడు పూడ్చేవి కావు. వాటి మీద సమయం పెట్టకండి.

మెదడువాపు టీకా జేఈ సంగతి వేరు. అది అన్ని జిల్లాల్లో వేసేది కాదు, జబ్బు ఉన్న జిల్లాల్లోనే. 2016లో మల్కన్‌గిరిలో మెదడువాపుతో ఎందరో పసివాళ్లు పోయారు. బయటి నుంచి వచ్చి మల్కన్‌గిరి బడిలో చేరిన పిల్లవాడి కార్డులో జేఈ గడి ఖాళీగా ఉంటే అది అక్కడి నర్సమ్మ తప్పు కాకపోవచ్చు. అతను పుట్టిన జిల్లాలో ఆ టీకా లేకపోయి ఉండొచ్చు. ఇది 15 ఏళ్ల దాకా వేయవచ్చు కాబట్టి, అలాంటి పిల్లల పేర్లు విడిగా రాసి ఏఎన్‌ఎంకు, అంటే మన నర్సమ్మకు ఇవ్వండి.

ప్రైవేటు డాక్టరు పుస్తకం

బరంపురంలోనో, శ్రీకాకుళంలోనో, విశాఖలోనో ప్రైవేటులో వేయించిన పిల్లల పుస్తకాల్లో టీకా పేరు బదులు కంపెనీ పేరు ఉంటుంది, పక్కన సీసా మీది చిన్న స్టిక్కరు అంటిస్తారు. హెక్సాక్సిమ్, ఇన్ఫాన్రిక్స్ హెక్సా, ఈజీసిక్స్ అని ఉంటే పెంటా, పోలియో సూది రెండూ కలిపి పడ్డట్టు. ఎంఎంఆర్ ఉంటే ఎంఆర్ అందులోనే ఉంది. 5 ఏళ్లప్పుడు టెట్రాక్సిమ్ అని ఉంటే డీపీటీ రెండో బూస్టరు అయినట్టు. 10 ఏళ్ల దగ్గర బూస్ట్రిక్స్ గానీ అడాసెల్ గానీ ఉంటే టీడీ అక్కరలేదు. పుస్తకం చివర అచ్చు వేసిన "వేయవలసిన తేదీలు" చూసి మోసపోకండి. వేసిన తేదీకి పక్కన డాక్టరు సంతకమో స్టిక్కరో ఉండాలి.

దెబ్బ తగిలినప్పుడు మందుల షాపులోనో క్లినిక్‌లోనో వేసిన టీటీని టీడీ గడిలో వేయకండి. అందులో కంఠసర్పి భాగం లేదు. పట్టీలో తేదీతో విడిగా రాసి నర్సమ్మకు చూపించండి, టీడీ ఎప్పుడు వేయాలో ఆమె చెబుతుంది.

కార్డు పోయిందంటే

పోయిందన్న కార్డుల్లో చాలావాటి లెక్క ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఈ వరుసలో వెతకండి.

మొదట, ఆఖరి సూది ఎక్కడ వేయించారో తల్లిని అడగండి. ఆ ఊరి ఉపకేంద్రం ఏఎన్‌ఎం దగ్గర కార్డు నుంచి చింపి ఉంచుకున్న ముక్క, కౌంటర్ ఫాయిల్, ఉంటుంది. నెలకో అర ఉన్న గుడ్డ సంచిలో, టిక్లర్ బ్యాగులో, అవి పెడతారు. పెద్ద పిల్లల ముక్కలు సంచిలో ఉండకపోయినా రిజిస్టరులో వరుస దొరుకుతుంది. అడిగేటప్పుడు పిల్లవాడి పేరు చెప్పి ఊరుకోకండి; పుట్టిన నెల, ఏడు, తల్లి పేరు, తండ్రి పేరు చెప్పండి. రిజిస్టర్లు తల్లి పేరుతో, కాన్పు తేదీతో నడుస్తాయి.

పుట్టింది ఆంధ్ర వైపు అయితే పుట్టింటి ఊరి గ్రామ సచివాలయంలో ఉన్న ఏఎన్‌ఎంకు ఫోను చేయించండి. అమ్మమ్మో మేనమామో స్వయంగా వెళ్తే పని త్వరగా అవుతుంది. కావలసింది రిజిస్టరు వరుస ఫొటో ఒకటి, లేదా తేదీలు రాసి సంతకం, ముద్ర వేసిన కాగితం. "అన్నీ వేశాం, చెప్పండి" అన్న ఫోను మాట రుజువు కాదు.

ఈ మధ్య ఏళ్లలో పుట్టిన పిల్లల లెక్క యూ-విన్‌లో, అంటే ప్రభుత్వ టీకాల వెబ్‌సైటులో ఉండొచ్చు. పేరు నమోదు చేసినప్పుడు ఇచ్చిన ఫోను నంబరుకు ఓటీపీ వస్తుంది, దానితో తెరిస్తే డోసులు కనిపిస్తాయి, క్యూఆర్ గుర్తు ఉన్న ధృవపత్రం దింపుకోవచ్చు. ఇక్కడి ఇళ్లలో చిక్కంతా ఫోను నంబరు దగ్గరే. పుట్టింట్లో ఉన్నప్పుడు తాతగారి నంబరో, ఆశా నంబరో ఇచ్చి ఉంటారు. లేదా ఆ పాత సిమ్ ఎప్పుడో మారిపోయి ఉంటుంది. కాబట్టి "ఆ రోజుల్లో ఇంట్లో ఎవరెవరి ఫోన్లు ఉండేవి?" అని అడిగి ఒక్కొక్కటీ పెట్టి చూడండి. యూ-విన్‌లో లేని పెద్ద పిల్లలకు ఆర్‌సీహెచ్ నంబరుతో పీహెచ్‌సీలో వెతికించాలి. ఆ నంబరు తల్లి రెండో కాన్పు కార్డు మీద కూడా దొరుకుతుంది, చిన్నవాడి కార్డు తెప్పించండి.

ఎడమ భుజం పైన బీసీజీ మచ్చ ఉంటే ఆ ఒక్క టీకా పడిందని అర్థం, మిగతావాటి గురించి అది ఏమీ చెప్పదు. మచ్చ లేనంత మాత్రాన బీసీజీ పడలేదనీ అనుకోకూడదు.

రెండు వారాలు వెతికినా ఏమీ దొరకకపోతే ఇంక ఆగొద్దు. రాత రుజువు లేని డోసు పడనట్టే లెక్క. ఏది ముందు, ఎంత ఎడంతో వేయాలో మెడికల్ ఆఫీసరు నిర్ణయిస్తారు. ఎంఆర్ ఒక డోసు ఎక్కువ పడినా హాని లేదు. డీపీటీ, టీడీ మాత్రం దగ్గర దగ్గరగా ఎక్కువ పడితే చెయ్యి బాగా వాచి నొప్పి పెడుతుంది. వెతకడానికి ఆ రెండు వారాలు ఇవ్వడం అందుకే.

పట్టీ తయారుచేసి నర్సమ్మకు ఇవ్వడం

ఒక పొడుగు నోటు పుస్తకం చాలు. అడ్డంగా గడులు: పేరు (బడి రిజిస్టరులో ఉన్నట్టు), కార్డు మీది పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, ఏడేళ్లు నిండే తేదీ, ఆర్‌సీహెచ్ నంబరు, ఎంఆర్ 2, డీపీటీ బూస్టరు 1, డీపీటీ బూస్టరు 2, టీడీ 10, టీడీ 16, రుజువు ఏమిటి, ఏం బాకీ. "రుజువు ఏమిటి" గడిలో కార్డు, ప్రైవేటు పుస్తకం, రిజిస్టరు ఫొటో, యూ-విన్ అని నాలుగింటిలో ఒకటి రాయాలి. "తల్లి చెప్పింది" అన్నది అయిదో మాటగా చేరనివ్వకండి. ఒక్కసారి చేరిందంటే వచ్చే ఏడు పట్టీ తిరగేసేవాళ్లు దాన్ని కూడా తేదీలాగే నమ్ముతారు.

ఇది పూర్తయ్యాక పట్టీలోంచి బాకీ ఉన్నవాళ్లను టీకా వారీగా విడదీసి ఏఎన్‌ఎంకు ఇవ్వండి: టీడీ ఇంతమందికి, డీపీటీ ఇంతమందికి, ఎంఆర్ అడగాల్సినవాళ్లు ఇంతమంది. ఈ లెక్క ఆమెకు ఎందుకంత అవసరమంటే, టీడీ, డీపీటీ పది డోసుల సీసాల్లో వస్తాయి. తెరిచిన సీసాను చల్లగా, పద్ధతిగా ఉంచితే 28 రోజుల దాకా వాడుకోవచ్చు. ఎంఆర్ అలా కాదు. పొడిలో నీళ్లు కలిపాక 4 గంటల్లోపు వాడాలి, మిగిలింది పారేయాలి. ఒక్క పిల్లవాడి కోసం ఎంఆర్ సీసా తెరవడానికి నర్సు దీదీ వెనకాడితే అది నిర్లక్ష్యం కాదు. నలుగురైదుగురిని ఒకే రోజుకు పోగుచేసి పంపండి, పని అయిపోతుంది.

ఒడిశాలో ఉపకేంద్రం టీకాల రోజు సాధారణంగా బుధవారం. మమతా దివస్ (తల్లీబిడ్డల ఆరోగ్య దినం) మంగళవారమో శుక్రవారమో ఉంటుంది, అందులో ఎక్కువగా తూకాలు, గర్భిణుల పరీక్షలు. అవతల ఆంధ్రలో బుధ, శనివారాలు. పుట్టింటికి సెలవులకు వెళ్లిన పిల్లలు అక్కడ వేయించుకున్నా చెల్లుతుంది, కార్డు వెంట తీసుకెళ్తేనే. బడికి ఏటా వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందానికి కూడా ఈ పట్టీ చూపించండి. వాళ్లు బరువు, కళ్లు, పళ్లు చూసే రోజే టీడీ కూడా పెట్టించుకోగలిగితే పిల్లలకు ఒక బడి రోజు మిగులుతుంది.

సూది రోజు

ముందు రోజే ఇంటికి చెప్పి పంపండి: ఏ టీకా, దేనికి, ఎక్కడ, ఎన్ని గంటలకు. తల్లిదండ్రుల సంతకమో వేలిముద్రో ఉన్న చీటీ తీసుకోండి. పరీక్షల వారం, ఊరి పండగ రోజులు వద్దు.

ఖాళీ కడుపుతో వేయించకండి. మధ్యాహ్న భోజనం అయిన అరగంట తర్వాత మంచి సమయం. పది, పదహారేళ్ల పిల్లలు మందు వల్ల కాక భయం వల్ల కళ్లు తిరిగి పడిపోతారు. ఒకరు పడితే వరుసలో ఉన్నవాళ్లు ఇంకో ఇద్దరు పడతారు. కాబట్టి వరుస గదిలోపల ఉంచకండి, బయట కూర్చోబెట్టి ఒక్కొక్కరినే పిలవండి. కుర్చీలో కూర్చోబెట్టే వేయించండి. వేశాక 30 నిమిషాలు అక్కడే ఉంచాలి. ఆ అరగంట చూసుకోవడానికి ఒక టీచరును కేటాయించండి, ఊపిరి ఆడకపోయినా ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా వెంటనే నర్సమ్మను పిలవడం ఆ టీచరు పని.

జలుబు, చిన్న దగ్గు, సన్నగా ఉండటం, యాంటీబయాటిక్ మాత్ర వాడుతుండటం, ఇవేవీ సూది ఆపడానికి కారణాలు కావు. జ్వరం బాగా ఉంటే వాయిదా. ఇంతకుముందు ఏదైనా టీకా పడ్డప్పుడు తీవ్రమైన ఎలర్జీ గానీ, మూర్ఛ గానీ వచ్చి ఉంటే ఆ విషయం సూదికి ముందే నర్సమ్మకు చెప్పాలి. ఈ ప్రశ్న తల్లిని అడగాలి, పిల్లవాణ్ని కాదు.

ఇంటికి పంపేటప్పుడు మూడు మాటలు చెప్పండి: వేసిన చోట నొప్పి, కొద్దిగా వాపు, ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు, రుద్దకూడదు, పసుపు, సున్నం, ఆకు పసరు పెట్టకూడదు, మూడో రోజుకు కూడా జ్వరం తగ్గకపోతే పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి.

వేసింది రాయించడం

అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడ జరుగుతుంది. సూది పడుతుంది, రాత పడదు. బడిలో వేసే రోజు నలభై మంది పిల్లలు, ఒక్క నర్సు. కార్డులు ఇంట్లో ఉంటాయి. తర్వాత రాస్తాంలే అంటారు. రెండేళ్లకు ఎవరికీ గుర్తుండదు, పదహారేళ్ల టీడీ వేళ పదేళ్లది పడిందా అన్న ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది.

అందుకని సూది రోజు కార్డు చేతిలో ఉన్న పిల్లవాడే వరుసలో నిలబడాలి. కార్డు నిజంగా పోయినవాళ్లకు ఆ రోజు కొత్త కార్డో, టీకా పేరు, తేదీ, సీసా బ్యాచ్ నంబరు, ఏఎన్‌ఎం సంతకం ఉన్న చీటీయో ఇప్పించండి. గది వదిలేలోపే నాలుగు చోట్ల రాత పడిందా చూడాలి: పిల్లవాడి కార్డులో, నర్సమ్మ రిజిస్టరులో, యూ-విన్‌లో, మీ బడి పట్టీలో. యూ-విన్‌లో ఆ సాయంత్రం ఎక్కిస్తానంటే మూడు నాలుగు రోజులయ్యాక ఒకరిద్దరి తల్లుల ఫోన్లలో తెరిచి చూడండి. అక్కడ పేరు ఎలా రాశారో చూసి మీ పట్టీలో అలాగే ఎక్కించుకోండి. తప్పు ఫోను నంబరు పడితే అప్పుడే సరిచేయించడం సులువు.

అమ్మ ఇచ్చిన కార్డులో తేదీని టీచరు దిద్దకూడదు, కొట్టేసి పైన రాయకూడదు. తప్పని తెలిసినా సరే, దిద్దే హక్కు సంతకం పెట్టిన ఆరోగ్య కార్యకర్తదే. మన రాత మన పట్టీలోనే.

హాస్టళ్లు, బడి మార్పు

ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో పిల్లలు ఎనభై కిలోమీటర్ల దూరం నుంచి వచ్చి ఉంటారు, కార్డు ఊళ్లో ఉంటుంది. చేర్పించడానికి తల్లో తండ్రో వచ్చే రోజే దాన్ని అడగాలి, తర్వాత దొరకదు. ముందే ఫోను చేసి "రేషను కార్డుతో పాటు ఆ కార్డు కూడా తెండి" అని చెప్పండి. వచ్చినప్పుడు ఫొటో తీసి పంపేయండి.

ఇక్కడ అయిదో తరగతి అయ్యాక ఆరో తరగతికి ఆంధ్ర వైపు బడికో, అటు నుంచి ఇటో మారే పిల్లలు ఎందరో. టీసీ ఇచ్చే కవరులో టీకాల పేజీ, మొదటి పేజీ రెండింటి జిరాక్సు పెట్టండి. దాని వెనక ఒకే ఒక్క వాక్యం రాయండి: ఏది బాకీ ఉంది, ఎప్పటిలోపు వేయించాలి. ఉదాహరణకు, "టీడీ 10 వేయలేదు, పుట్టినరోజు 4-9-2016, సెప్టెంబరులో వేయించాలి." తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ముద్ర వేసి, కవరు తల్లి చేతికే ఇవ్వండి.